అభ్యంతరాల పుస్తకం: తనను తానే ఆడిట్ చేసుకుంటూ వచ్చిన ఒక మనిషి కేస్ స్టడీ

ఆయన నా దగ్గరికి మొదటిసారి కౌన్సెలింగ్‌కు వచ్చినప్పుడు చేతిలో గట్టి అట్ట వేసిన రూళ్ల పుస్తకం ఉంది. కుర్చీలో సర్దుకోకముందే దాన్ని బల్ల మీద పెట్టి నా వైపు తిప్పారు. "ఇందులో అన్నీ ఉన్నాయండి. మీరు ఒకసారి చూస్తే నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు" అన్నారు. పేజీకి ఐదు గడులు: తేదీ, లక్ష్యం, సాధించినది, లోటు, కారణం. లోటు గడి మాత్రం ఎర్ర సిరాతో నింపారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఇలాంటి పుస్తకాలు ఇంటి దగ్గర ఇంకా ఆరు ఉన్నాయట, ఏడాదికి ఒకటి చొప్పున.

వయసు 42. ఒక పెద్ద సంస్థలో అంతర్గత ఆడిటర్. భార్య కూడా ఉద్యోగస్తురాలు. 12 ఏళ్ల కూతురు. ఆయన అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చి ఈ కేసు రాస్తున్నాను. పుస్తకం, ఎర్ర సిరా మాత్రం మార్చలేదు. అవి లేకపోతే చెప్పడానికి ఏమీ మిగలదు.

వచ్చిన కారణం

ఆయన మాటల్లోనే: "జీవితంలో సమతుల్యం లేదు. ఏడేళ్లుగా రోజూ ఆత్మపరిశీలన చేసుకుంటున్నాను, ఏటా లక్ష్యాలు రాసుకుంటున్నాను. అయినా ఏ ఏడాదికి ఆ ఏడాది ఇంకా వెనకబడుతున్నాను."

సాధారణంగా నా దగ్గరికి వచ్చేవారికి తమ గురించి ఆలోచించుకునే అలవాటు ఉండదు, దాన్ని నేర్పాల్సి వస్తుంది. ఈయనది తిరగబడిన సమస్య. రాత్రి పదిన్నర తర్వాత నలభై నిమిషాలు, ఒక్కోసారి గంటన్నర రాసేవారు. ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. నిద్ర పట్టకపోవడం మర్నాటి లోటు గడిలోకి వెళ్లేది.

మొదటి అంచనా

కుంగుబాటు లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 8 వచ్చింది. అది స్వల్ప స్థాయి. ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 11, అంటే మధ్యస్థం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. ఆ సున్నాను కాగితం మీద చూసి ఊరుకోలేదు, నోటితోనూ అడిగాను. అలసట ఎక్కువగా చెబుతున్నారని వైద్యుడి దగ్గరికి పంపితే రక్త పరీక్షలు, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. మందులు అవసరం లేదన్నారు.

ఆ ఏడాది లక్ష్యాల జాబితాలో 27 అంశాలు ఉన్నాయి. అందులో పదకొండు 'కూడదు', 'మానాలి', 'తగ్గించాలి' అనే మాటలతో ముగిశాయి. కోపం తెచ్చుకోకూడదు. టీవీ చూడకూడదు. సమయం వృథా చేయకూడదు. ప్రవర్తనా విశ్లేషణలో ఆగ్డెన్ లిండ్స్‌లీ పేరు మీద చెప్పుకునే ఒక మొరటు పరీక్ష ఉంది: చనిపోయిన మనిషి మీకంటే బాగా చేయగలిగిన పని ఏదైనా అది లక్ష్యం కాదు. శవం కోప్పడదు, టీవీ చూడదు. ఈ మాట చెప్పగానే ఆయన నవ్వారు. అది మొదటి నవ్వు. నవ్వి, పెన్ను తీసి, ఆ పదకొండింటి పక్కన చిన్న చుక్కలు పెట్టుకున్నారు.

నా అవగాహన ఇలా రూపుదిద్దుకుంది. తన గురించి తాను ఆలోచించుకోవడంలో రెండు రకాలున్నాయని ట్రాప్‌నెల్, క్యాంప్‌బెల్ 1999లో ఒక ప్రశ్నావళి ద్వారా వేరుచేసి చూపారు. కుతూహలంతో చేసేది ఒకటి, భయంతోనో బాధతోనో నెమరువేసేది మరొకటి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: ఒక మనిషి, ఒక దీపం, ఒక పుస్తకం. తేడా రాసిన తర్వాత తెలుస్తుంది. మొదటి రకం తర్వాత మనిషికి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. రెండో రకం తర్వాత మళ్లీ రాయాలనిపిస్తుంది.

ఈయన విషయంలో వృత్తి దీనికి తోడైంది. ఆడిటర్ పని లోపం కనిపెట్టి అభ్యంతరం రాయడం. దాన్ని సరిదిద్దుకోవాల్సింది ఆ విభాగం వారు. ఇంట్లో రాత్రిపూట అభ్యంతరం రాసేదీ ఈయనే, జవాబు చెప్పాల్సిందీ ఈయనే. రాసేవాడు అలసిపోయి పడుకునేవాడు, జవాబు చెప్పాల్సినవాడు తెల్లారి దోషిలా లేచేవాడు. పైగా ఆడిట్ నివేదికల్లో సక్రమంగా జరిగినవాటికి విడిగా పేరా రాయడం అరుదు. ఏడు పుస్తకాల్లో 'సాధించినది' గడిలో నేను చూసినవన్నీ అంకెలే. ఒక్క వాక్యం లేదు.

చక్రంతో నేను చేసిన తప్పు

రెండో సెషన్‌లో జీవన చక్రం వాడాను. ఒక వృత్తం గీసి ఆరోగ్యం, పని, డబ్బు, కుటుంబం, స్నేహాలు, చదువు, విశ్రాంతి, ఆధ్యాత్మికం అని ఎనిమిది భాగాలు చేసి ఒక్కోదానికి పదికి మార్కులు వేయించడం. శిక్షణా తరగతుల్లో అందరూ వాడే పనిముట్టు, చేతికి అందుబాటులో ఉండి తీసుకున్నాను. ఎవరి చేతికి ఇస్తున్నానో ఆలోచించలేదు.

మూడో సెషన్‌కు ఆయన ఎనిమిది రంగులతో వారం టైంటేబుల్ తయారుచేసి తెచ్చారు. పదిహేను నిమిషాలకొక గడి. ఎనిమిది భాగాలూ పదికి పది చేరడానికి కావలసిన సమయం లెక్కగట్టారు. రోజు మొత్తం 25 గంటల 15 నిమిషాలు వచ్చింది. ఆయన లెక్క తప్పలేదు. కింద ఒక గమనిక కూడా ఉంది: "లోటు 1 గంట 15 నిమిషాలు. నిద్ర ఖాతా నుంచి సర్దుబాటు."

ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. సమతుల్యం అంటే అన్ని గడులూ సమానంగా నిండటమని ఆయన అప్పటికే నమ్ముతున్నారు. నేను ఆ నమ్మకానికి గుండ్రటి బొమ్మ గీసిచ్చాను. ఇదే మాట ఆయనతో అన్నాను, క్షమించమని అడిగాను. ఆయన ఇబ్బందిపడి "అయ్యో, మీ తప్పేముందండి" అంటూ మాట మార్చబోయారు. నేను మార్చనివ్వలేదు. తప్పు ఒప్పుకుని, ఎర్ర సిరా వాడకుండా, తర్వాతి పనిలోకి వెళ్లడం ఎలా ఉంటుందో ఎవరో ఒకరు ఆయన కళ్లముందు చేసి చూపాల్సి ఉంది. ఆ పని నా వంతుకు వచ్చిందనుకున్నాను.

నిన్నటి రోజు, సన్నివేశాలుగా

పుస్తకం మానేయమని చెప్పలేదు. చెప్పినా మానేవారు కారు. ఒక వారం పాటు గడులు పక్కన పెట్టి, డేనియల్ కానెమన్ బృందం 2004లో ప్రచురించిన పద్ధతిలో రాయమన్నాను. నిన్నటి రోజును సినిమాలో సన్నివేశాల్లా ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎవరితో, ఏమి చేశారు, అప్పుడు ఎలా అనిపించింది అని రాయాలి. మంచీ చెడూ తేల్చే గడి ఇందులో లేదు. అందుకే ఎంచుకున్నాను.

ఏడు రోజులకు 94 సన్నివేశాలు రాసుకొచ్చారు. వాటిని ఎలా అనిపించిందన్న దాన్ని బట్టి ఇద్దరం కలిసి వరుసలో పెట్టాం. అన్నిటికంటే పైన నిలిచింది ఆదివారం సాయంత్రం ఐదు తర్వాత ఇరవై అయిదు నిమిషాలు. కూతురి సైకిలు గొలుసు ఊడిపోతే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఎక్కించారు. ఆ అమ్మాయి పెడల్ తిప్పింది, ఈయన గొలుసు పట్టుకున్నారు. రెండుసార్లు జారింది, మూడోసారి పట్టింది. ఇద్దరి చేతులకూ నల్లటి జిడ్డు. "మనసు తేలికగా ఉంది" అని రాసుకున్నారు.

ఆయన అలవాటు మానలేక పాత పద్ధతిలోనూ రాస్తూ వచ్చారని అప్పుడే తెలిసింది. ఆ పుస్తకంలో అదే ఆదివారం పేజీ తీయమన్నాను. లోటు గడిలో ఉన్నది ఇది: "పరుగు వాయిదా. కారణం: సైకిలు మరమ్మతు."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఏమీ అనలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొంతసేపటికి "ఈ అభ్యంతరం రాసినవాడు ఆ రోజు అక్కడ లేడండి" అన్నారు. ఈ కేసులో నాకు గుర్తుండిపోయిన వాక్యం ఇదే.

27 నుంచి 3

ఆ తర్వాత మూడు సెషన్లు జాబితాతోనే గడిచాయి. ప్రతి లక్ష్యానికీ ఒకే ప్రశ్న: ఇది ఎవరి గొంతులో వినిపిస్తోంది? మనిషి తన ఆసక్తికీ విలువలకీ దగ్గరగా ఉన్న లక్ష్యాల కోసం ఎక్కువ కాలం నిలకడగా శ్రమిస్తాడని, అవి నెరవేరినప్పుడు దక్కే తృప్తి కూడా ఎక్కువని షెల్డన్, ఎలియట్ 1999లో చూపారు. పదిమందీ చేస్తున్నారనో, చేయకపోతే తప్పు చేసినట్టుంటుందనో పెట్టుకున్నవాటికి ఆ బలం ఉండదు.

పది కిలోమీటర్ల పరుగు ఒక సహోద్యోగిది. ఏడాదికి యాభై పుస్తకాలు ఎవరో ప్రసంగంలో చెప్పినవి. ఇంకో వృత్తి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఏడు జాబితాల్లోనూ ఉంది, ఏటా మొదటి మూడింటిలో. దాని దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. తండ్రి ఆ పరీక్ష రాసి రెండుసార్లు తప్పారట. తండ్రి పోయి తొమ్మిదేళ్లయింది. ఆ గంట మేం లక్ష్యాల గురించి మాట్లాడలేదు.

వదిలేయడానికి ఆయనకు ఒక పద్ధతి కావలసి వచ్చింది. చేరుకోలేని లక్ష్యాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోగలిగినవారి మానసిక స్థితి మెరుగ్గా ఉంటుందని కార్స్టెన్ రోష్, ఆయన సహచరులు 2003లో రాశారు. ఆ సంగతి చెబితే తల ఊపారు కానీ చేయి కదల్లేదు. చివరికి దారి ఆయన వృత్తి భాషలోనే దొరికింది. ఒక్కో లక్ష్యం ఎదురుగా "అభ్యంతరం ఉపసంహరించడమైనది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశారు. ఇరవై నాలుగు సంతకాలు. పరీక్ష దగ్గర సంతకం చేయడానికి రెండు వారాలు పట్టింది.

మిగిలిన మూడు: సాయంత్రం కూతురితో ఉన్నప్పుడు నిజంగా ఆమెతోనే ఉండటం, వారానికి మూడు రోజులు నడక, నెలకోసారి తమ్ముడికి ఫోను చేయడం. 'ఆధ్యాత్మికం' గడి ఖాళీగా ఉండిపోయిందని ఆయన గుర్తుచేశారు. ఉండనివ్వండి అన్నాను.

ఇక్కడ ఆయన భార్యను ఒక సెషన్‌కు పిలిచాం. జాబితాలో 'కుటుంబానికి వారానికి ఐదు గంటలు' అని ఏడేళ్లుగా ఉన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. "మాకెప్పుడూ చెప్పలేదండి ఈయన. మాకు చెప్పకుండా మాతో గడపాలని రాసుకుంటే మాకెలా తెలుస్తుంది?" అన్నారు. చెప్పాలంటే ఈ ప్రశ్న మొదటి వారంలోనే నేను అడిగి ఉండాల్సింది. ఇద్దరి మధ్య ఉండే విషయాన్ని ఒక్కరే కూర్చుని లక్ష్యంగా రాసుకుంటే అది సగం ఒప్పందమే. ఇంటికి వెళ్లి కూతుర్ని అడగమన్నాను, నీకు నా దగ్గర ఏమి కావాలి అని. ఆ అమ్మాయి గంటలేమీ అడగలేదు. "లెక్కలు చేస్తున్నప్పుడు తప్పు కనిపించగానే చెప్పకుండా, నేను పూర్తి చేసేదాకా ఆగు నాన్నా" అన్నదట. ఆడిటర్‌కు ఇంతకంటే కఠినమైన లక్ష్యం ఎవరూ ఇవ్వలేరు.

తలుపు దగ్గర ఫోను

లక్ష్యం స్పష్టంగా ఉండి, కొంత కష్టంగానూ ఉంటే పనితీరు మెరుగవుతుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పరిశోధనతో స్థిరపరిచారు. నిజమే. కానీ ఈయన లక్ష్యాలన్నీ మొదటినుంచీ స్పష్టమైనవే, కష్టమైనవే. లేనిది వేరొకటి: ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత అన్న ముడి. పీటర్ గోల్‌విట్జర్ 'ఇది జరిగితే అది చేస్తాను' అన్న వాక్య రూపంలో ఈ ముడిని అధ్యయనం చేశారు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 అధ్యయనాలను క్రోడీకరిస్తే ప్రభావం మధ్యస్థం నుంచి ఎక్కువ దాకా కనిపించింది.

మా మొదటి వాక్యం విఫలమైంది. "ఏడు గంటలైతే ఫోను పక్కన పెడతాను" అని రాశాం. ఏడింటికి ఆయన ఒక రోజు లిఫ్టులో ఉన్నారు, ఒక రోజు ఆఫీసులో, ఒక రోజు అధికారితో ఫోనులోనే. గడియారం మీద ఆధారపడటం తప్పని రెండో వారానికి తేలింది. వాక్యం మార్చాం: "ఇంటి తలుపు లోపలికి వచ్చి బూట్లు విప్పగానే, ఫోను సంచిలో వేసి జిప్పు లాగుతాను, నలభై నిమిషాలు తీయను." జిప్పు మాట ఆయనే చేర్చారు. బల్ల మీద ఉన్న ఫోనును చేయి దానంతటదే తీసుకుంటుందట, జిప్పు చప్పుడైతే ఏమి చేస్తున్నానో తెలుస్తుందట.

అడ్డు బయట లేదు. ఫోను తీయకపోతే పనికిరానివాడిగా లెక్కేస్తారన్న భయం ఆయనది. వాదించి ఆ భయాన్ని పోగొట్టలేం, అందుకని లెక్క చూడమన్నాను. రెండు వారాల్లో ఆ నలభై నిమిషాల వ్యవధిలో తొమ్మిది కాల్స్ తప్పిపోయాయి. వాటిలో ఆ రాత్రే జవాబు కావలసింది ఒకటి. దానికి కూడా ఎనిమిదింటికి తిరిగి చేస్తే సరిపోయింది. అంకెలతో వచ్చిన సాక్ష్యాన్ని ఆయన కాదనలేరు, అది ఆయన స్వభావం.

రాత్రి రాతను ఎనిమిది నిమిషాలకు కుదించాం. మూడు వాక్యాలు: ఏమి జరిగింది, అప్పుడు నాకు ఏమి కావాలనిపించింది, రేపు ఎక్కడ ఏమి చేస్తాను. 'ఎందుకు' అన్న ప్రశ్నకు చోటివ్వలేదు. ఆయన చేతిలో 'ఎందుకు' ఎప్పుడూ 'నేను ఇలాంటివాడిని కాబట్టి' దగ్గరే ఆగేది. తన గురించి మూడో మనిషిలా పేరుతో రాసుకోమని కూడా సూచించాను. ఈథన్ క్రాస్ పరిశోధనల ప్రకారం అది కొంతమందికి ఊరట ఇస్తుంది. ఈయన రెండు రోజులు ప్రయత్నించి "నాటకంలా ఉందండి" అన్నారు. వదిలేశాం.

ఖాతాల ముగింపు నెల

ఎనిమిదో సెషన్ నాటికి వార్షిక ఖాతాల ముగింపు వచ్చింది. మూడు వారాలు ఆయన రాలేదు. వచ్చిన రోజు పాత గడులతో నాలుగు పేజీలు తెచ్చారు, ఎర్ర సిరాతో. నడక లేదు, జిప్పు లేదు, తమ్ముడికి ఫోను లేదు.

ఇందులో నా వాటా కూడా ఉంది. ఫిలిప్పా లాలీ బృందం అధ్యయనంలో అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా (అందరి అంకెలూ వరుసలో పెడితే నడిమిది) 66 రోజులు పట్టిందని అంతకుముందు మాటల సందర్భంలో చెప్పాను. ఆయన ఆ 66ను గడువుగా పట్టుకున్నారు. అదే అధ్యయనంలో ఆ సంఖ్య 18 నుంచి 254 దాకా మారిందని, ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటం పెద్దగా దెబ్బతినలేదని చెప్పాల్సింది. ఆ రోజు చెప్పాను. ఆడిటర్లతో నడిమి అంకె గురించి మాట్లాడేటప్పుడు అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మారుతుందో కూడా చెప్పాలని నా నోట్సులో రాసుకున్నాను.

ప్రతి లక్ష్యానికీ ఒక కింది గీత పెట్టుకున్నాం. పని ముంచెత్తే వారాల్లో నలభై నిమిషాలు పది అవుతాయి, నడక ఒక్క రోజు అవుతుంది, తమ్ముడికి ఫోను బదులు రెండు వాక్యాల సందేశం పోతుంది. అంతకంటే పైన జరిగినదేదీ లోటు కాదు. ఏడాదిలో ఏ నెలలు ఇలా ఉంటాయో ఆయనకు ముందే తెలుసు కాబట్టి క్యాలెండరులో వాటిని మార్కు చేశారు. సమతుల్యాన్ని రోజు లెక్కన చూడటం మాని ఏడాది లెక్కన చూడటం అక్కడ మొదలైంది. ఈ మలుపు నేను ప్రణాళిక వేసి తెచ్చింది కాదు, మూడు వారాల వైఫల్యం తెచ్చింది.

కొలతలు, వాటి హద్దులు

అయిదు నెలల్లో పదకొండు సెషన్లు. ముగింపులో పీహెచ్‌క్యూ-9 నాలుగుకు, జీఏడీ-7 అయిదుకు తగ్గాయి. పడుకున్న అరగంటలోపు నిద్ర పడుతోందన్నారు. ఇది ఒక్క మనిషి కథ. ఖాతాల ముగింపు గడిచిపోవడం వల్లనే ఆందోళన తగ్గి ఉండవచ్చు. తండ్రి గురించి మొదటిసారి బయటకు మాట్లాడటం లక్ష్యాల పనికంటే ఎక్కువ మేలు చేసి ఉండవచ్చు, నాకైతే అలాగే అనిపిస్తుంది. స్కోర్లు ఇంకా ఎక్కువగా ఉండి ఉంటే ఈ దారిలో మొదలుపెట్టేవాడిని కాదు. కుంగుబాటు బలంగా ఉన్న మనిషికి లక్ష్యాల జాబితా మరో బరువవుతుంది.

మూడు నెలల తర్వాత

తిరిగి చూసినప్పుడు ఎనిమిదో పుస్తకం తెచ్చారు. గడులు లేవు. మధ్యమధ్యలో ఖాళీ పేజీలు ఉన్నాయి, వాటికి తేదీలు కూడా వేయలేదు. నడక వారానికి రెండు రోజుల దగ్గర నిలిచింది, మూడు కాలేదు. ఆ మాట ఆయన మామూలు గొంతుతోనే చెప్పారు. తమ్ముడితో మాటలు ఇంకా ముక్తసరిగానే ఉన్నాయట.

ఒక పేజీలో చేతిరాత వేరుగా ఉంది, గుండ్రంగా, పెన్సిలుతో: "నాన్న ఈ రోజు రెండు తప్పులు చూశారు. మూడోది చూడలేదు." మూడో తప్పు సంగతి ఆయన నా దగ్గర ఒప్పుకున్నారు. అది కూడా కనబడిందట, ఆ అమ్మాయి పూర్తి చేసేదాకా ఆగి, ఆ తర్వాత చెప్పడం మరిచిపోయారట.